మన మాట సముద్రం అడుగుకెళ్లి పోతది.. స్విచ్చి ఎవల చేతిల ఉన్నది?

నేను ఆరో తరగతి సదువుతున్నప్పుడు మా వాడకట్టుకు ఉత్తరాలు సదివిపెట్టెటోన్ని నేనే. మా ఇంటెనుక ఉండే పెద్దమ్మ కొడుకు దుబాయి పోయిండు. ఆయన ఉత్తరం వచ్చిన దినం ఆమె దాన్ని కొంగుల సుట్టుకొని మా ఇంటికి తెచ్చి నా ముందల కూసునేది. 'నేను ఇక్కడ క్షేమం' అని షురువయ్యే ఆ కాగితం నేను సదువుతుంటే నడుమల ఆపి, "యాళ్లకు బువ్వ తింటున్న అని రాసిండా బిడ్డా?" అని అడిగేది. రాయలేదు. రాసిండు అని సదివేటోన్ని.

ఉత్తరం రావాల్నంటే పదిహేను ఇరువై దినాలు. ఒకపారి జరమొచ్చి మంచంల పడ్డనని రాసిండు. ఆ ముచ్చట మాకు అందేసరికి ఆయన జరం తగ్గి మళ్ల పనికి పోతనే ఉన్నడు. పెద్దమ్మకు మాత్రం ఆయన జరం ఆ దినమే షురువైంది. మేం రాసింది ఆయనకు చేరి, ఆయన రాసింది మళ్ల మాకు వచ్చేదాక నెల మీద పది దినాలు ఆమె సక్కగ అన్నం తినలేదు.

తర్వాత క్యాసెట్లు వచ్చినయి. ఛుట్టీ మీద ఎవలన్న ఊరికొస్తే వాళ్ల చేతికిచ్చి పంపేటోళ్లు. టేపురికార్డర్ సుట్టూ ఇంటిల్లిపాది కూసోని మాట్లాడేది. మొదలు ఏడుపు, తర్వాత ముచ్చట, నడుమల పిలగాడు అ ఆలు చెప్పుడు, బర్రె ఈనిందని ఒకలు, బాయిల నీళ్లు ఎండినయని ఒకలు. ఆ తర్వాత పసుపుపచ్చ బోర్డుల ఎస్టీడీ బూతులు వచ్చినయి. దుబాయికి ఒక్క నిమిషం మాట్లాడితే కైకిలి చేసే మనిషికి ఒక దినం కూలి పోయేది. డబ్బాల ఎర్ర అంకెలు ఉరుకుతుంటే మాట్లాడుడు తక్కువ, మీటరు సూసుడు ఎక్కువ.

బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని బతుకపోయిన జిల్లాలు మనయి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కు ఏ ఇంటికి పోయినా ఒక మనిషి ఎడారిల ఉన్న కథ ఉంటది. గిప్పుడు ఆ పెద్దమ్మ మనుమడు షార్జాల ఉన్నడు. ఆమెకు సదువు రాదు. అయినా వాట్సాప్ల మైకు బొమ్మ మీద ఏలు పెట్టి, "బువ్వ తిన్నవా బిడ్డా?" అని అడుగుతది. ఏలు తీయంగనే మాట అక్కడ మోగుతది. నడుమల నాసొంటి అబద్ధాల పోరడు అక్కెర లేదు.

మరి ఆ మాట ఏ తొవ్వల పోయింది? మొన్న ఒక ఊర్ల గ్రంథాలయం కాడ పదిహేను మంది పోరగాండ్లను ఇదే అడిగిన. అందరి చేతుల్ల ఫోన్లున్నయి. దగ్గర దగ్గర అందరూ ఒక్కటే చెప్పిండ్రు: "సాటిలైట్ అన్నా." ఏలు ఆకాశం దిక్కు పెట్టిండ్రు.

ఏలు భూమి దిక్కు పెట్టాలె, తమ్మీ. ఇది తెల్వకపోతే మనకు ఏం నష్టం? నష్టం ఉన్నది, చెప్త.

పైకెళ్లి కాదు, కిందికెళ్లి

ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి పోయే డాటాల 95 శాతానికి మించి సముద్రం అడుగున ఏసిన తీగలల్లనే పోతది. టీవీ సాటిలైట్ల లెక్క భూమి మీదికెళ్లి ఒక్కకాడ నిలబడ్డట్టు కనిపించేటివి 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటయి. మాట అంత దూరం ఎక్కి దిగాల్నంటే దగ్గర దగ్గర పావు సెకండు. నువ్వు అడిగింది అవతలికి పోయి, జవాబు మళ్ల వచ్చేసరికి అర సెకండు. గంత ఆగి ఆగి మాట్లాడితే ముచ్చట నడువది. కింది ఎత్తున తిరిగే కొత్త సాటిలైట్లు వస్తున్నయి, వాటికి జాప్యం తక్కువ. కాని ప్రపంచం మాటల బరువు ఇయ్యాలటికీ మోసేది తీగే.

ఇప్పుడు పెద్దమ్మ మాట ఎంబడి పోదాం.

ఆమె గొంతును ఫోన్ సెకండుకు వేల సార్లు కొలిచి అంకెలు చేస్తది. ఆ అంకెలకు లోపల్నే తాళమేస్తది. తర్వాత వాటిని చిన్న చిన్న ముక్కలు చేస్తది. మీరు వడ్లు మిల్లుకు పంపేటప్పుడు బస్తాలల్ల నింపి, ఒక్కో బస్తా మీద పేరు, నంబరు రాస్తరు సూడుండ్రి, గట్ల. ప్రతి ముక్క మీద యాడికి పోవాలె, ఎన్నో ముక్క అని రాసి ఉంటది. అన్ని బస్తాలు ఒక్కటే లారీల పోవాల్నని లేదు. ఏ తొవ్వ ఖాళీ ఉంటే ఆ తొవ్వల పోతయి, చివరికి నంబరు సూసి మళ్ల కుప్ప పోసుకుంటరు. ఒకటి తప్పిపోతే మళ్ల పంపు అని అడుగుతది. దేశదేశాల కంప్యూటర్లు ఒకదాంతోటి ఒకటి మాట్లాడెటందుకు ఈ పద్ధతిని 1974ల వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ అనే ఇద్దరు రాసిపెట్టిండ్రు. ఇయ్యాల ఇంటర్నెట్ అంటే దాని మీద నడిచేదే.

ఫోన్ నుంచి ఊరి టవర్ దాక మాత్రమే ఆ మాట గాలిల పోతది. గంతే, రెండు మూడు కిలోమీటర్లు. ఆడి నుంచి ఎక్కువ తొవ్వ భూమి లోపటి గాజు తీగలనే. పట్నం, ఆడికెళ్లి హైదరాబాద్, ఆడికెళ్లి ముంబయి సముద్రపు ఒడ్డు. ఒడ్డు మీద ఒక భవనం ఉంటది, దాన్ని కేబుల్ ల్యాండింగ్ స్టేషన్ అంటరు. ముంబయి, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురం.. గీ ఐదు పట్నాలల్లనే మన దేశపు సముద్రపు తీగలు ఒడ్డెక్కుతయి. నూటనలబై కోట్ల మంది బయటి దేశాలతోటి మాట్లాడేది ఎక్కువగ గీ నాలుగైదు కవాటాల నుంచే. 2025 అక్టోబర్ల గూగుల్ కంపిని విశాఖపట్నంల డాటా సెంటర్లతోటి పాటు సముద్రపు తీగల గేటు కూడ పెడుతమని ప్రకటించింది.

ముంబయిల నీళ్లల్ల మునిగిన మాట అరేబియా సముద్రం అడుగున ఉరికి అవతల ఫుజైరా లాంటి చోట ఒడ్డెక్కుతది. నడుమల వాట్సాప్ కంపిని సర్వర్ల చేతుల మీదికెళ్లి పోతది. అవి ఏ దేశంల ఉంటే ఆ దేశం సుట్టు తిరుగుతది. తాళమేసిన మాట కాబట్టి నడుమల కంపినోడు వినలేడు. కాని ఎవలు ఎవలతోటి, ఎప్పుడు మాట్లాడిండ్రో వాడికి ఎరుకే.

వెంట్రుకంత గాజు

సముద్రం తీగ అంటే తాటిచెట్టంత లావు ఉంటదనుకుంటరు. లోతు నీళ్లల్ల అది మన బాయి కాడి చిన్న రబ్బరు పైపు కంటె లావుండదు. నడుమల వెంట్రుకంత సన్నటి గాజు పోగులు. వాటి సుట్టు ఉక్కు తీగలు, రాగి గొట్టం, పైన ప్లాస్టిక్ తొడుగు. ఒడ్డు దగ్గర పడవలు, వలలు ఎక్కువ కాబట్టి ఆడ మాత్రం లావు ఉక్కు తీగల కవచం ఏస్తరు.

ఆ గాజుల కరెంటు పోదు, ఎలుగు పోతది. గాజుల ఎలుగు సెకండుకు రెండు లక్షల కిలోమీటర్లు ఉరుకుతది. ఊరి నుంచి గల్ఫు దాక తిరిగి తిరిగి నాలుగు వేల కిలోమీటర్లు పోయిందనుకున్నా, తీగల పోయేటందుకు పట్టేది సెకండుల యాబయ్యో వంతు. ఉత్తరం ఇరువై దినాలు పోయిన తొవ్వ అది. దూరం పోతుంటే ఎలుగు సన్నవడతది కాబట్టి 60 నుంచి 100 కిలోమీటర్లకు ఒకటి చొప్పున దాన్ని మళ్ల గట్టిగ చేసే డబ్బాలు సముద్రం అడుగునే ఉంటయి. వాటికి కావల్సిన కరెంటు ఒడ్డు మీదికెళ్లి ఆ రాగి గొట్టంల పోతది.

గాజుల మాట పోతదని 1966ల చార్లెస్ కావ్ అనే సైంటిస్టు చెప్పినప్పుడు నమ్మినోళ్లు తక్కువ. అప్పటి గాజుల ఎలుగు కొద్ది దూరానికే ఆరిపోయేది. తప్పు గాజుది కాదు, గాజుల ఉన్న మలినాలది అని ఆయన లెక్క కట్టి చూపిండు. ఆ పనికి 2009ల నోబెల్ బహుమతి వచ్చింది. ఇయ్యాల అసొంటి తీగలు ప్రపంచం మొత్తం సముద్రాల అడుగున 14 లక్షల కిలోమీటర్లకు పైనే పరుచుకొని ఉన్నయి.

మొదటి తీగ ఎవలకోసం ఏసిండ్రు?

మన దిక్కు నుంచి గల్ఫు నీళ్లల్ల మొదటి తీగ ఎప్పుడు పడ్డదో ఎరుకనా? 1864ల. అప్పటికి దుబాయిల నూనె లేదు, మనోళ్లు ఎవలూ పనికి పోలేదు. తెల్లదొరలు ఏసిండ్రు. 1857 తిరుగుబాటు ముచ్చట లండన్‌కు చేరేసరికి నెల దాటింది. ఇంత పెద్ద దేశాన్ని ఏలాల్నంటే వార్త జల్ది పోవాలె, హుకుం జల్ది రావాలె. అందుకే ఇప్పుడు పాకిస్తాన్ల ఉన్న గ్వాదర్ నుంచి ఒమన్ కొసన ఉన్న ముసందం, ఆడికెళ్లి ఇరాన్ ఒడ్డున బుషెహర్, చివరికి ఇరాక్‌ల ఫా దాక టెలిగ్రాఫ్ తీగ పరిచిండ్రు. 1865ల అది లండన్‌తోటి కలిసింది. ముసందం కాడ ఒక చిన్న రాతి దీవిల టెలిగ్రాఫ్ ఆఫీసు కూడ పెట్టిండ్రు. ఇయ్యాలటికీ దాన్ని టెలిగ్రాఫ్ దీవి అనే పిలుస్తరు. 1870ల బొంబాయి నుంచి ఏడెన్, సూయెజ్ మీదికెళ్లి ఇంకో తీగ ఏసిండ్రు.

తీగకు నీళ్లు తగులకుండ సుట్టెటందుకు గట్టాపర్చా అనే చెట్టు పాలు వాడిండ్రు. అవి మలయా దిక్కు అడవులల్ల చెట్లు నరికి తీసుకొచ్చినయి. తీగలు పెరిగిన కొద్దీ ఆ చెట్లు అడవులల్ల కరువైనయి. దొరల మాట జల్ది పోయెటందుకు ఇంకెవలదో అడవి ఆగమైంది.

ఇదెందుకు చెప్తున్ననంటే, తీగ ఎప్పుడూ ఊరికే పడలేదు. ఎవలో పైసలు పెట్టిండ్రు, ఎవలదో అక్కెర తీర్చుకున్నరు. అప్పుడు దొరల సర్కారు. తర్వాత దేశదేశాల టెలిఫోన్ సంస్థలు కలిసి ఏసుకున్నయి. గిప్పుడు గూగుల్, మెటా లాంటి కంపినీలు సొంతంగ ఏస్తున్నయి. మెటా ముందుండి ఏయిస్తున్న టూఆఫ్రికా అనే తీగ పొడుగు 45 వేల కిలోమీటర్లు. తీగ వాడిదే, యాప్ వాడిదే, నీ ముచ్చట మీద వచ్చే ప్రకటనల పైసలు వాడియే.

సర్కారు సొమ్ముతోటి మంచి పని జరిగిన దినాలు కూడ ఉన్నయి. 1984ల పెట్టిన సీ-డాట్ సంస్థల మన ఇంజనీర్లు ఊర్లకు పనికొచ్చే చిన్న టెలిఫోన్ ఎక్స్చేంజి చేసిండ్రు. ఏసీ గది అక్కెర లేదు, దుమ్ముల, ఎండల నడిచేది. మన ఊర్లల్ల ఎస్టీడీ బూతు వచ్చిందంటే దాని ఎనుక ఆ పని ఉన్నది. ఊరును కలిపేది లాభం సూసుకునేటోడు ఒక్కడే కాదని యాది పెట్టుకోవాలె.

లంగరు తగిలితే

తీగ వస్తువు కాబట్టి తెగుతది. 2008 జనవరి 30న ఈజిప్టుల అలెగ్జాండ్రియా కాడ సముద్రంల రెండు తీగలు దెబ్బతిన్నయి. రెండు దినాలకు దుబాయి దగ్గర ఫాల్కన్ అనే ఇంకో తీగ తెగింది. మన దేశంల ఇంటర్నెట్ సగం దాక పడిపోయింది. దుబాయి కాడ తీగ తెంపిందెవలని సూస్తే, ఎవలో సముద్రంల వదిలేసిన ఓడ లంగరు. ఐదారు టన్నుల ఇనుము. 2025 సెప్టెంబర్ల సౌదీల జెద్దా దగ్గర ఎర్ర సముద్రంల తీగలు తెగితే మళ్ల ఇదే కథ. మన దేశం, పాకిస్తాన్, గల్ఫు దేశాలల్ల నెట్ సన్నవడ్డది.

ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 150 నుంచి 200 సార్లు సముద్రపు తీగలకు దెబ్బ తగులుతది. ఎక్కువగ చేపల వలలు, ఓడల లంగర్లే కారణం. రిపేరుకు ప్రత్యేకమైన ఓడలుంటయి. తెగినకాడికి పోయి, కొక్కెంతోటి తీగ కొసలు పైకి గుంజి, వెంట్రుకంత గాజు పోగుల్ని ఒకదానికొకటి అతికి, మళ్ల నీళ్లల్ల దించుతరు. ఎండ వానలని సూడకుండ సముద్రం నడుమ పనిచేసే ఆ కార్మికుల పేర్లు మనకు తెల్వయి. మన తల్లుల మాటలు మోసేది వాళ్ల చేతులే.

లంగరుతోటి తెగింది వారంల, నెలల అతుక్కుంటది. ఆర్డరుతోటి తెగేది వేరే.

ఆర్డరు తగిలితే

షార్జాల ఉన్న మనుమడికి పెద్దమ్మ వాయిస్ మెసేజ్ పోతది, కాని వాట్సాప్ కాల్ పోదు. ఎందుకు? తీగ బాగనే ఉన్నది, సిగ్నల్ బాగనే ఉన్నది. ఆ దేశం ఫ్రీ కాల్స్ మీద తాళమేసింది. అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లనే వాడాలె. సౌదీల గూడ గట్లనే ఉండేది, 2017 సెప్టెంబర్ల తాళం తీసిండ్రు. ఒక్క హుకుంతోటి లక్షల మంది కూలోళ్లు ఇంటోళ్ల మొఖం సూడగల్గిండ్రు. అంటే అంతకు ముందు ఆపింది సముద్రం కాదు, హుకుమే.

మన దేశం తక్కువ తినలేదు. 2019 ఆగస్టు 5న కశ్మీర్ల ఫోన్లు, ఇంటర్నెట్ అన్నీ బంద్ పెట్టిండ్రు. ఫోన్లు మెల్లమెల్లగ వచ్చినా, ఇంటర్నెట్ నెలలకు నెలలు రాలేదు. 4జీ మళ్ల వచ్చింది 2021 ఫిబ్రవరిల. హైదరాబాద్‌ల సదువుకునే కశ్మీరీ పోరగాడు ఇంటికి ఫోన్ చేసి 'అమ్మా, ఎట్లున్నవ్' అని అడుగలేని దినాలవి. మా పెద్దమ్మ ఉత్తరం కోసం ఎదురుసూసిన ఇరువై దినాలు నాకు అప్పుడు యాదికొచ్చినయి. 2023 మే నెలల మణిపూర్ల గట్లనే బంద్ అయింది. ఆడ ఆడబిడ్డలకు జరిగిన ఘోరం దేశానికి తెలిసింది జులైల, వీడియో బయటికొచ్చినంక. తీగ తెంపితే పుకారు ఆగుతదని సర్కార్లు అంటయి. కాని తీగ తెంపితే నిజం కూడ ఆగుతది.

దీని మీద కోర్టులు మాట్లాడినయి. 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది: ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛ, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛ రాజ్యాంగం 19వ అధికరణం కిందికి వస్తయి, ఎన్ని దినాలని చెప్పకుండ బంద్ పెట్టుడు చెల్లదు, ఆర్డరు జనానికి తెలిసేటట్టు ప్రకటించాలె. తర్వాత వచ్చిన నియమాల ప్రకారం ఒక్క ఆర్డరు పదిహేను దినాలు దాటొద్దు. మీ జిల్లాల ఎప్పుడన్న నెట్ బంద్ చేస్తే మొట్టమొదలు అడగాల్సిన ప్రశ్న ఇది: ఆర్డరు ఏది, ఎవలు సంతకం పెట్టిండ్రు?

ఇంట్ల ఉన్న స్విచ్చి

సర్కారును అడిగినంక మనల్ని మనం కూడ అడుక్కోవాలె. ఇంట్ల ఒక్క ఫోన్ ఉంటే ఎవల జేబుల ఉంటది? కొడుకు జేబుల. బిడ్డ చేతిల కొస్తే "ఎవలతోటి మాట్లాడుతున్నవ్?" అని అడుగుతరు. 2019-21ల జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తేలింది ఇదే: 15 నుంచి 49 ఏండ్ల మొగోళ్లల్ల 57 శాతం మంది ఎప్పుడన్న ఇంటర్నెట్ వాడిండ్రు, ఆడోళ్లల్ల 33 శాతమే.

కేరళల ఒక కాలేజి హాస్టల్ల ఆడపిల్లలు రాత్రి యాళ్లకు ఫోన్ వాడొద్దని రూల్ పెట్టిండ్రు. ఒక అమ్మాయి ఒప్పుకోలేదు, హాస్టల్ నుంచి ఎల్లగొట్టిండ్రు. ఆమె హైకోర్టుకు పోయింది. ఇంటర్నెట్ అందుకునుడు సదువు హక్కుల, గోప్యత హక్కుల భాగమని 2019 సెప్టెంబర్ల కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. చెల్లెండ్లారా, ఈ ముచ్చట మీ ఇంట్ల చెప్పుండ్రి. తమ్ముండ్లారా, మీరు ఇనుండ్రి.

అదే తీగ మీద దొంగ వస్తడు

తల్లి మాట పోయిన తొవ్వలనే ఏజెంటు మెసేజ్ వస్తది. "డాటా ఎంట్రీ జాబ్, థాయిలాండ్, జీతం లక్ష, టికెట్ ఫ్రీ." ఫోటోల ఏసీ ఆఫీసు, నెక్‌టై కట్టుకున్న పోరగాండ్లు. నమ్మి పోయినోళ్లను మయన్మార్, కంబోడియాల కంచె ఏసిన కాంపౌండ్లల్ల పెట్టి పాస్‌పోర్టు గుంజుకుంటరు. ఆడ పనేంది? ఇండియాల ఉన్న మన మనుషులకే ఫోన్ చేసి మోసం చేసుడు. మాట ఇనకపోతే దెబ్బలు. మయన్మార్ల తక్కువల తక్కువ లక్షా ఇరువై వేల మందిని, కంబోడియాల లక్ష మంది దాక గిట్ల పట్టుకొని పెట్టుకున్నరని 2023 ఆగస్టుల ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ఆఫీసు అంచనా చెప్పింది. మన తెలుగు పోరగాండ్లు గూడ ఆండ్ల ఇరుక్కొని వచ్చినోళ్లల్ల ఉన్నరు. ఎందుకు ఏరుకుంటరంటే, తెలుగోన్ని తెలుగుల మోసం చేయాల్నంటే తెలుగోడే కావాలె కదా.

ఇట్ల సూస్తే మనం ప్రపంచంతోటి కలిసినం అనే మాట సగమే నిజం. ప్రపంచం గూడ మనతోటి కలిసింది, అండ్ల మంచోడు, దొంగోడు ఇద్దరూ ఉన్నరు.

కాని ఇంకో పక్క ఉన్నది. వెనుకట గల్ఫుల మనిషి ఆగమైతే ఇంటికి తెలిసేసరికి ఏడాది. జీతం ఇయ్యని కఫీల్ దగ్గర, ఎడారిల గొర్ల కాడ ఇరుక్కున్నోడు గిప్పుడు ఫోన్ ముందల పెట్టుకొని రెండు నిమిషాల వీడియో పంపుతడు. అది ఊరి గ్రూపుల తిరిగి, పేపర్ల పడి, ఎంబసీ దాక పోయి మనిషి ఇంటికొచ్చిన సంగతులు నేను దగ్గరుండి సూసిన. కరోనా కాలంల ఇమానాలు బంద్ అయితే, నాయిన సావు ఫోన్ల సూసుకుంట అక్కడ కూలబడ్డ కొడుకునూ సూసిన. ఫోన్ వాని కండ్లకు నాయిన్ని సూపింది, పాడె మోయనియ్యలేదు. తీగ చేసే పని తీగ చేస్తది. పాస్‌పోర్టు కఫీల్ బీరువాల ఉన్నంతసేపు వీడియో కాల్ ఉన్నా మనిషి బందీనే.

పైలం, తమ్మీ

గందుకే కొన్ని పనులు చెప్తున్న. ఫోన్ ఉన్నోళ్లందరూ చేయగల్గినయే.

బయటి దేశం నౌకరి మెసేజ్ వస్తే మొదలు ఈమైగ్రేట్ పోర్టల్ల ఆ ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు ఉన్నయో లేవో సూడుండ్రి. లేకపోతే వాడు మేనమామ కొడుకైనా నమ్మొద్దు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోవాల్సింది 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది చట్టం ఒప్పుకోని పైసలు. విజిట్ వీసా మీద పనికి పొమ్మంటే పోవద్దు.

పోయేముందు పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు ఫోటోలు తీసి ఇంట్ల ఇద్దరికి పంపుండ్రి. అక్కడ ఆపదొస్తే కేంద్రం పెట్టిన మదద్ పోర్టల్ల ఇంటోళ్లు ఫిర్యాదు పెట్టొచ్చు. హైదరాబాద్ ప్రజాభవన్ల ప్రవాసీ ప్రజావాణికి గూడ పోవచ్చు. వీడియో పెట్టేముందు ఒకటి యాదుంచుకోండ్రి: గల్ఫు దేశాలల్ల సైబర్ చట్టాలు మస్తు కఠినం. ఇంకొకల ఫోటో అడగకుండ పెట్టినా, తిట్టినా కేసు నీ మీదికే వస్తది. నీ పేరు, నీ తిప్పల, నీ అడ్రసు చెప్పు, సాలు.

ఆన్‌లైన్ల పైసలు పోతే గంట ఆలస్యం చేయకుండ 1930కి ఫోన్ కొట్టుండ్రి. ఎంత జల్ది చెప్తే పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి దాచుకునుడే దొంగోనికి బలం.

ఇగ ఊరి సంగతి. పంచాయతీ పంచాయతీకి ఫైబర్ తీగ ఏస్తమని కేంద్రం 2011ల పథకం ఒప్పుకున్నది. అదే గిప్పటి భారత్‌నెట్. మన రాష్ట్రంల మిషన్ భగీరథ నీళ్ల పైపులతోటి పాటే ఫైబర్ పైపులు గూడ భూమిల ఏసిండ్రు. మీ పంచాయతీ ఆఫీసుకు పోయి ఆ డబ్బా ఎలుగుతుందో, బూజు పట్టిందో సూడుండ్రి. బూజు పడితే ఎందుకు పట్టిందని గ్రామసభల అడుగుండ్రి. సమాచార హక్కు కింద కాగితం పెట్టుండ్రి. మన బడి పిలగాండ్లకు, ఆశా అక్కకు, రేషన్ కాడ ఏలిముద్ర పడక నిలబడ్డ ముసలమ్మకు ఆ తీగ అక్కెర. అది జనం పైసలతోటి ఏసిన తీగ.

మొన్న పండుగకు ఊరికి పోతే పెద్దమ్మను కలిసిన. కండ్లు సరిగ కనిపిస్తలేవు. ఫోన్ నా చేతికిచ్చి, "పిలగాడు ఏమో పంపిండు, ఇనిపియ్యి బిడ్డా" అన్నది. మైకు మీద నొక్కిన. "అవ్వా, బువ్వ తిన్న. రెండు నెలల సంది జీతం ఇస్తలేరు, నువ్వు రంది పెట్టుకోకు" అన్నడు.

ఎన్కట నేను సదివిన అబద్ధం గిప్పుడు సదువుదామన్నా కుదరదు. ఆమె సొంతంగ విన్నది. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "దీనికి ఎవలకు చెప్పాల్రా?"

మేం ఆ పొద్దే మదద్‌ల ఫిర్యాదు పెట్టినం.